ఊహకు మూలం ఎక్కడ? – ఒక విద్యార్థిని వ్యాసం, కొన్ని ప్రశ్నలు

కవిత్వం ఎవరి కోసం అనే ప్రశ్న మీద మన వేదికల్లో జరిగినంత చర్చ, కవిత్వం ఎలా పుడుతుంది అనే ప్రశ్న మీద జరగలేదు. 1943 ఫిబ్రవరిలో తెనాలిలో తాపీ ధర్మారావు గారి అధ్యక్షతన అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగిన నాటి నుంచి సాహిత్య ప్రయోజనం గురించి మనం చాలా మాట్లాడాం, చాలా రాశాం. అది అవసరమే. కాని ప్రేరణ, ఊహ, ప్రతిభ అనే మాటలను మాత్రం ఎందుకో భావవాదుల పెరట్లోనే వదిలేశాం. ఆ మాటలు ఉచ్చరిస్తే ఎక్కడ మన భౌతికవాదానికి మైల అంటుతుందోనని భయపడ్డట్టుగా ప్రవర్తించాం. ఫలితం ఏమిటి? కొత్తగా కలం పట్టే యువతీ యువకులకు ఈ ప్రశ్న ఎదురైనప్పుడు జవాబు మన దగ్గర దొరకడం లేదు. సన్మాన సభల ఉపన్యాసాల్లో, సినిమా కవుల ముచ్చట్లలో, పరీక్షల గైడుల్లో వెతుక్కుంటున్నారు.

ఇందుకు నిదర్శనంగా ఒక వ్యాసాన్ని ఇక్కడ పరిశీలించదలచాను. రాసింది మా ఉన్నత పాఠశాలలో చదివి, ప్రస్తుతం డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి. కళాశాలలో పెట్టిన వ్యాసరచన పోటీ కోసం సృజనాత్మకత మీద పదకొండు పేజీలు రాసి, పంపే ముందు చూడమని నాకు ఇచ్చింది. విద్యార్థి వ్యాసం మీద పత్రికలో విమర్శ ఏమిటని ఎవరైనా అనుకోవచ్చు. ఆ పదకొండు పేజీల్లో ఉన్న అభిప్రాయాలు ఆ అమ్మాయి ఒక్కదానివి కావు. ఇవాళ కవితా సంపుటాలకు ముందుమాటలు రాస్తున్న పెద్దల అభిప్రాయాలూ అవే. పెద్దలు వాటిని గడుసుగా దాచుకుంటారు. ఆ అమ్మాయి దాచుకోలేదు. అందుకే పరిశీలనకు ఇది బాగా పనికివస్తుంది.

వ్యాసంలోని వాదం స్థూలంగా మూడు మెట్లు. ఒకటి: ప్రేరణ మెరుపులాంటిది, పిలిస్తే రాదు, ఆపితే ఆగదు, అది కొందరికే దక్కే వరం. రెండు: ఇతరుల రచనలు ఎక్కువ చదివితే, ఛందస్సు వంటి నియమాలు నేర్చుకుంటే స్వంత గొంతు పోతుంది. మూడు: ఊహ అంటే చుట్టూ ఉన్న ప్రపంచాన్ని మరచి మరో లోకానికి వెళ్లడం, నిత్యజీవితపు బాదరబందీలో ఉన్నవాళ్లకు అది సాధ్యం కాదు. ఈ మూడింటినీ వరుసగా చూద్దాం.

మెరుపు సిద్ధాంతానికి మన దేశంలో చాలా అందమైన కథ ఒకటి ఉంది. పోతన గజేంద్ర మోక్షంలో వైకుంఠాన్ని వర్ణించే పద్యం మొదలుపెట్టి, అది ముందుకు సాగక, గంటం పక్కన పెట్టి బయటికి వెళ్లాడట. ఆ సమయంలో శ్రీరాముడే పోతన రూపంలో వచ్చి పద్యం పూర్తిచేసి పోయాడట. తిరిగి వచ్చిన పోతన ఎవరు రాశారని అడిగితే, ‘నువ్వే కదా నాన్నా ఇప్పుడు వచ్చి రాశావు’ అని కూతురు చెప్పిందట. మా విద్యార్థిని తన వ్యాసాన్ని ఈ కథతోనే ప్రారంభించింది. కథలోని భక్తిని కాసేపు పక్కన పెట్టి, అందులో చెప్పిన పనిని మాత్రం గమనించండి. కవి మొదలుపెట్టాడు. ఆగిపోయాడు. ఆగిపోయానని గుర్తించాడు, ఏదో ఒక మాట అతికించి పద్యం ముగించలేదు. లేచి తిరగడానికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి పద్యం తయారుగా ఉంది. కథ ప్రకారమే చూసినా, వచ్చి రాసినవాడికి పోతన రూపమే ఉంది, పోతన చేతిరాతే ఉంది. పని చేసి చేసి చిక్కుపడిన మనసు విశ్రాంతి వేళ ఆ ముడిని విప్పుకోవడం రాసే ప్రతివాడికీ అనుభవమే. ఆ అనుభవానికి మధ్యయుగాల భక్త సమాజం తనకు తెలిసిన భాషలో ఒక పేరు పెట్టుకుంది. అంతకుముందు పద్యంతో కుస్తీ పట్టనివాడి ఇంటికి ఏ రాముడూ వచ్చినట్టు కథ చెప్పడం లేదు.

ఆంగ్ల సాహిత్యం నుంచి కూడా ఆ అమ్మాయి ఒక ఉదాహరణ ఇచ్చింది. కోలరిడ్జ్ ‘కుబ్లా ఖాన్’ కలలో వచ్చిందని, పోర్లాక్ నుంచి ఎవరో పని మీద వచ్చి తలుపు తట్టడంతో మిగతాది మరచిపోయాడని, అందువల్ల కావ్యం అసంపూర్ణంగా మిగిలిందని. ఇది కోలరిడ్జ్ 1816లో ఆ కవితను అచ్చువేస్తూ స్వయంగా చెప్పుకున్న కథ. అదే ముందుమాటలో ఆయన ఇంకో సంగతి కూడా చెప్పాడు: నిద్ర పట్టే ముందు తాను పర్చస్ అనే రచయిత యాత్రా గ్రంథంలో కుబ్లా ఖాన్ కట్టించిన భవనం గురించే చదువుతున్నానని. 1927లో జాన్ లివింగ్‌స్టన్ లోవ్స్ అనే పండితుడు ‘ది రోడ్ టు జనాడు’ అన్న గ్రంథం రాశాడు. కోలరిడ్జ్ చదివిన యాత్రా చరిత్రలనూ ప్రకృతి వర్ణనలనూ ఓపికగా తిరగేసి, ఆయన కవితల్లోని చిత్రాలు ఏ పుస్తకాల్లోని ఏ వివరాల నుంచి కరిగి వచ్చాయో అందులో చూపించాడు. అంటే ఆ కల ఖాళీ తలలో పుట్టలేదు. ఏళ్ల తరబడి పేర్చుకున్న గాదెలోంచి పుట్టింది. దీనివల్ల కోలరిడ్జ్ గొప్పతనం తగ్గిందా? తగ్గలేదు. ఆ పుస్తకాలు ఇంకా ఎందరో చదివారు. ఆ వివరాలను ఒకదానితో ఒకటి అలా కలపగలిగినవాడు ఆయన ఒక్కడే. ఆ కలపగలగడమే ప్రతిభ.

ప్రతిభ అనే మాట వచ్చింది కనుక మన ఆలంకారికుల మాట కూడా చూడాలి. ప్రాచీనులంతా ప్రతిభను దైవదత్తం అన్నారని పాఠ్యపుస్తకాల్లో తేల్చి పారేస్తుంటారు. ఇది సగం నిజం. దండి సహజ ప్రతిభతో పాటు నిర్మలమైన పాండిత్యాన్నీ, విసుగులేని సాధననూ కావ్యానికి కారణాలుగా చెప్పాడు. మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడింటినీ చెప్పి, కారణం అనే మాటను మాత్రం ఏకవచనంలో వాడాడు. ఆ మూడూ విడివిడిగా మూడు కారణాలు కావనీ, కలిసి ఒకే కారణమనీ దాని అర్థం. పైగా నిపుణత ఎలా వస్తుందో చెబుతూ ఆయన మొట్టమొదట పేర్కొన్నది లోకాన్ని పరిశీలించడం. శాస్త్రాలూ కావ్యాలూ ఆ తర్వాతే వచ్చాయి. మన తెలుగువాడుగా ప్రసిద్ధి పొందిన జగన్నాథ పండితరాయలు పదిహేడో శతాబ్దంలో, ప్రతిభ ఒక్కటే కావ్యకారణమని గట్టిగా వాదించాడు. అయితే ఆ ప్రతిభకు కారణం ఏమిటన్న ప్రశ్న వేసుకుని, కొన్నిచోట్ల దైవానుగ్రహం వల్ల కలిగే అదృష్టం, మరికొన్నిచోట్ల విశిష్టమైన వ్యుత్పత్తీ అభ్యాసమూ అని తానే జవాబు చెప్పాడు. షాజహాన్ ఆస్థానంలో ఉన్న పండితుడు తలుపు సగం తెరిచి ఉంచాడు. ఇవాళ మన కవులు కొందరు ఆ సగం కూడా మూసేస్తున్నారు.

సరే, లోకాన్ని పరిశీలించడం ఊహగా ఎలా మారుతుంది? దీనికి ఆధునిక సాహిత్యంలో గురజాడ కంటే మంచి సాక్ష్యం లేదు. ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు 1897లో వచ్చింది. దాని ఆంగ్ల పీఠికలో గురజాడ ఒక జాబితాను ప్రస్తావించాడు. విజయనగరం మహారాజా వారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల లెక్క తీయించారు. లెక్కకు అందినవి 1034 పెళ్లిళ్లు. అందులో ఐదేళ్ల వయసుకే పెళ్లయిన పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. తెలుగులో మహత్తరమైన హాస్య నాటకం వెనుక ఉన్నది ఈ జాబితా. మెరుపు వెన్నెల రాత్రి వచ్చి తలుపు తట్టలేదు. గుమస్తాల చేతిరాతలో, అంకెల రూపంలో వచ్చింది.

కాని ఆ జాబితా నాటకం కాదు. అదే జాబితా చేతికిస్తే సంస్కర్త ఉపన్యాసం ఇచ్చేవాడు, ప్రభుత్వాధికారి నివేదిక రాసేవాడు. గురజాడ చేసిందేమిటి? కరటకశాస్త్రి చేత తన శిష్యుడికి ఆడవేషం వేయించి, లుబ్ధావధాన్లకు పెళ్లికూతురుగా అమ్మించాడు. జాబితాలో అలాంటి పెళ్లి ఒక్కటీ ఉండదు. అయినా ఆ 1034 పెళ్లిళ్ల సారాంశం ఈ జరగని పెళ్లిలోనే ఉంది. ఆడపిల్ల అంగడి సరుకైనప్పుడు కొనేవాడు ధర చూస్తాడు తప్ప మనిషిని చూడడు. మనిషినే చూడనివాడికి అమ్మాయి బదులు అబ్బాయిని అంటగట్టినా తెలియదు. ఇది కేవలం నవ్వు కోసం కల్పించిన చమత్కారమని అనుకునేవాళ్లు కన్యాశుల్కాన్ని పైపైన చదివినవాళ్లు. వాస్తవం తన గురించి తాను చెప్పుకోలేని మాటను చెప్పించడమే ఊహ చేసే పని. అందుకోసం అది వాస్తవాన్ని వదిలిపెట్టదు. దాన్ని చివరి అంచు దాకా తోసుకుపోతుంది.

ఆ తర్వాత కూడా గురజాడ తృప్తిపడలేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. మధురవాణి ఇవాళ మనకు తెలిసిన నిండు మనిషిగా రూపొందింది ఆ కూర్పులోనే. మధ్యలో పన్నెండేళ్లు గడిచాయి. అప్పటికే ఆడి మెప్పు పొందిన నాటకాన్ని విప్పి మళ్లీ అల్లడానికి ఎంత ధైర్యం కావాలో రచయితలకు చెప్పనక్కరలేదు. ప్రేరణ ఒక్క క్షణపు మెరుపే అయితే ఈ పన్నెండేళ్లను ఏ ఖాతాలో వేయాలి?

ఇక రెండో మెట్టు. చదువుకుంటే స్వంత గొంతు పోతుందన్న భయం. ఈ భయంలో కొంత నిజం ఉంది కనుక దీన్ని కొట్టిపారేయకూడదు. పరాయి గొంతును అనుకరిస్తూ ఆగిపోయినవాళ్లు మన సాహిత్యంలో వందల మంది. అయితే ఆగిపోనివాళ్ల సంగతేమిటి? గురజాడ విద్యార్థి దశలో ఇంగ్లీషులో కవిత్వం రాశాడు. 1883లో ఆయన రాసిన ‘సారంగధర’ ఆంగ్ల కావ్యాన్ని కలకత్తా పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ మెచ్చుకుని తన పత్రికలో తిరిగి అచ్చువేశాడు. మాతృభాషలో రాయమని సలహా కూడా ఇచ్చాడు. ఇంగ్లీషు కవులను చదివి, వారి దారిలో రాసి చూసినవాడే ఇరవై ఏడేళ్ల తర్వాత, 1910లో, ‘ముత్యాల సరాలు’తో తెలుగు కవిత్వానికి కొత్త నడక నేర్పాడు. శ్రీశ్రీ మొదటి పుస్తకం 1928 నాటి ‘ప్రభవ’. అది సంప్రదాయ పద్యాల సంపుటి. 1934లో ‘మహాప్రస్థానం’ గేయం రాసిన చెయ్యి అంతకుముందు పద్యం కట్టి కట్టి అరిగిన చెయ్యే. పాత లయ రక్తంలో ఉన్నవాడికే దాన్ని ఎక్కడ విరిస్తే మోగుతుందో తెలుస్తుంది.

జాషువా ఉదాహరణ ఇంకా బలమైనది. కాళిదాసు మేఘసందేశం చదవకపోతే 1941లో ‘గబ్బిలం’ వచ్చేదా? యక్షుడు ప్రియురాలికి మేఘం చేత కబురు పంపాడు. జాషువా కథానాయకుడు అంటరానివాడు. అతడు కబురు పంపవలసింది శివుడికి. మేఘం గుడి గడప దాటి లోపలికి పోలేదు; అతడికీ ప్రవేశం లేదు. గర్భగుడి చూరుకు వేలాడగలిగేది గబ్బిలం. మనిషికి లేని హక్కు ఆ జీవికి ఉంది. సంప్రదాయం ఇచ్చిన చట్రంలో ఒకే ఒక్క మార్పు చేసి, ఆ సంప్రదాయాన్నంతా బోనులో నిలబెట్టాడు జాషువా. ఈ ఊహ కేవలం పుస్తకం చదివినవాడికి రాదు. కాళిదాసును తనకంటే బాగా చదివిన పండితులు ఆ రోజుల్లో ఎందరో ఉన్నారు. కేవలం అవమానం అనుభవించినవాడికీ రాదు. ఆ అవమానం లక్షల మంది అనుభవించారు. చదువూ అనుభవమూ ఒకే మనిషిలో తారసపడి ఒరుసుకున్నప్పుడు ఈ నిప్పు పుట్టింది. కనుక చదవవద్దని యువకులకు చెప్పేవాళ్లు వారికి మేలు చేయడం లేదు. ముఖ్యంగా తరతరాలుగా చదువుకు దూరంగా ఉంచబడిన ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు ఆ మాట చెప్పడం, ఇప్పుడే తెరుచుకున్న తలుపును వాళ్ల ముఖం మీదే మూయడం.

మూడో మెట్టు అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఊహ అంటే లోకాన్ని వదిలిపోవడమనీ, పనిపాటల్లో మునిగినవాళ్లకు అది అందదనీ ఆ అమ్మాయి రాసింది. దీనికి జవాబు సాహిత్యం కంటే ముందు శ్రమలోనే ఉంది. మార్క్స్ 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో తేనెటీగనూ గృహనిర్మాతనూ పోల్చాడు. తేనెటీగ ఎంత నేర్పుగా పట్టు కట్టినా, అధమ స్థాయి గృహనిర్మాత కూడా దానికంటే ఒక విషయంలో మేలు. ఇల్లు కట్టకముందే అతడు దాన్ని మనసులో కట్టుకుంటాడు. అంటే ఊహ కవి ఇంట పుట్టలేదు. పని చేసే చేతి పక్కనే పుట్టింది. 1937లో స్పెయిన్ యుద్ధంలో మరణించిన క్రిస్టఫర్ కాడ్వెల్ ‘ఇల్యూషన్ అండ్ రియాలిటీ’లో ఈ ఆలోచనను ముందుకు తీసుకువెళ్లాడు. ఇంకా చేతికి రాని పంటను ఆదిమ సమాజం తన ఆటపాటల్లో కళ్లకు కట్టించుకుంది. ఆ భ్రమ మనుషులను పొలం పనికి కూడగట్టింది. లేనిదాన్ని ఊహించడం ఉన్నదాన్ని మార్చడానికి తొలి అడుగు. మన ఊళ్లలో నాట్లు వేస్తూ పాట అల్లే ఆడవాళ్లకూ, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ అప్పటికప్పుడు చరణం కలిపేవాళ్లకూ ఈ సంగతి ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు. వాళ్లను కవులుగా లెక్కించని లోపం లెక్క రాసినవాళ్లది.

నిజానికి ఈ మూడో వాదాన్ని ఖండించే ఉత్తమ సాక్ష్యం ఆ అమ్మాయి వ్యాసంలోనే ఉంది. తొమ్మిదో పేజీలో ఒక పేరా ఉంది. పేదవాళ్లకు ఊహించే తీరిక ఉండదని చెప్పడానికి ఉదాహరణగా బీడీలు చేసే తన తల్లి గురించి ప్రస్తావించి, అక్కడ కాస్త ఆగింది. ఆ వాక్యాలు ఇవి:

“కరెంటు పోయిన రాత్రి కూడా అమ్మ పని ఆపదు. చీకట్లో ఆమె వేళ్లు ఆకును చూస్తాయి. తెల్లారి కార్ఖానాలో లెక్క చూసేటాయన కొన్ని బీడీలు బాగా లేవని ఏరి పక్కన పడేస్తాడు. అవి చీకట్లో చుట్టినవి కావు. వెలుతురులో, నేను పిలిచినప్పుడు తల తిప్పి చుట్టినవి. ఆ సంగతి అమ్మకు తెలుసు. నాకు ఎప్పుడూ చెప్పలేదు.”

దాని తర్వాత వెంటనే, ఇది విషయానికి సంబంధం లేనిదనీ మన్నించాలనీ రాసి, మళ్లీ చంద్రుడి దగ్గరికీ నక్షత్రాల దగ్గరికీ వెళ్లిపోయింది.

పదకొండు పేజీల్లో సృజన జరిగిన చోటు ఇదొక్కటే. మిగతా పేజీల్లో పూలున్నాయి, వెన్నెల ఉంది, హృదయ వీణ ఉంది. అవన్నీ ఎవరో వాడి పెట్టిన మాటలు. ‘వేళ్లు ఆకును చూస్తాయి’ అన్న మాట మాత్రం ఎవరూ ఇచ్చింది కాదు. అలంకారం కోసం వెతికితే దొరికింది కూడా కాదు. తాను చూసిన నిజం మరో విధంగా చెప్పడానికి వీలుపడక ఆ మాట పుట్టింది. తునికాకు నానబెట్టి, కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కట్టడం వేలసార్లు చేసిన చేతికి చీకట్లో చూపు వస్తుంది. అభ్యాసం ప్రతిభగా మారడమంటే మమ్మటుడు చెప్పినా, ఈ తల్లి చూపించినా ఇదే. ఇక చివరి మూడు వాక్యాలు చూడండి. బాగా లేని బీడీ అంటే నిర్లక్ష్యమని కార్ఖానా లెక్క. బిడ్డ పిలుపుకు తల తిప్పిన క్షణమని ఈ అమ్మాయి లెక్క. ఒకే వస్తువుకు రెండు లెక్కలున్నాయని కనిపెట్టడమే ఊహ. ఆ రెండో లెక్కకు కూలి రాదన్న సంగతి ఆమె చెప్పలేదు, పాఠకుడికి తెలిసిపోతుంది. శిల్పం అంటే ఇంతకు మించి ఏముంది?

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చీకట్లో చూసే వేళ్లను మెచ్చుకుంటూ, ఆ చీకటిని మెచ్చుకునే పొరపాటు జరగకూడదు. ఆ నేర్పు వెనుక గుంజే నడుమూ, వెయ్యి బీడీల లెక్కన వచ్చే చాలీచాలని కూలీ, పొగాకు దుమ్మూ ఉన్నాయి. పేదరికం సృజనకు తల్లి అనే సిద్ధాంతం కూడా భావవాదమే. సోవియట్ మనస్తత్వవేత్త వైగోత్‌స్కీ 1930లో పిల్లల ఊహ గురించి రాస్తూ, ఊహ అనుభవంలోని ముక్కలతోనే నిర్మాణమవుతుందనీ, అనుభవం ఎంత విస్తృతమైతే ఊహ అంత సంపన్నమవుతుందనీ వాదించాడు. కనుక కోరవలసింది ఆ అమ్మాయి అనుభవం బీడీల చాట దగ్గరే ఆగిపోవడం కాదు. చాట దగ్గరి అనుభవానికి పుస్తకాలూ ప్రయాణాలూ తీరికా తోడవడం. ఆ తీరిక కోసం జరిగే పోరాటం కూడా సాహిత్య పోరాటంలో భాగమే.

శ్రమా అనుభవమూ ఉంటే చాలు అంటే, ఒకే ఇంట్లో పుట్టి ఒకే పని చేసిన ఇద్దరిలో ఒకరే ఎందుకు రాస్తారని ప్రత్యర్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మనిషికీ మనిషికీ మధ్య చూపులో, జ్ఞాపకంలో, మాట మీది మమకారంలో తేడాలుంటాయి. భౌతికవాది వాటిని కాదనవలసిన పని లేదు. కాని ఆ తేడాలు విత్తనాలు మాత్రమే. మొలిచిన విత్తనాలను చూసి దేవుడి వరమని దండం పెట్టేవాళ్లు, మొలవని విత్తనాల కింద ఉన్న నేల సంగతి అడగరు. మనం అడగాలి.

ఇంతవరకు భావవాదుల గురించి మాట్లాడాను. మన శిబిరం వైపు కూడా ఒకసారి చూసుకోవాలి. ఆ అమ్మాయి ఇదే పేరాను మన కవితా కార్యశాల ఒకదానికి తెచ్చి ఉంటే ఏం జరిగేది? వస్తువు బాగుందనేవాళ్లం. ముగింపు నిరాశాజనకంగా ఉందనేవాళ్లం. తల్లి పిడికిలి బిగించి లేచినట్టు, తూర్పున ఎర్రగా తెల్లవారినట్టు నాలుగు పంక్తులు చేర్చమని సలహా ఇచ్చేవాళ్లం. ఆ సలహా పాటిస్తే వేళ్లు గుడ్డివయ్యేవి. భావకవుల వెన్నెల ఎంత అరువు సొమ్మో, పుస్తకం తర్వాత పుస్తకంలో మనం ఉదయింపజేస్తున్న ఎర్ర సూర్యుడూ అంత అరువు సొమ్మే. వస్తువు అభ్యుదయకరమైతే ఊహతో పని లేదని అనుకోవడం, ఊహ ఉంటే వస్తువుతో పని లేదని అనుకోవడమంత పొరపాటు.

రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ ఈ విషయంలో మనకు పాఠం. మద్యనిషేధ చట్టం పేదల మీద ఎలా పనిచేసిందో చెప్పడానికి ఆయన నినాదం రాయలేదు. న్యాయవాదిగా విశాఖ కోర్టుల్లో తాను విన్న మాటలను, పోలీసుల తర్కాన్ని, నేరస్థులుగా నిలబడ్డవాళ్ల యాసను పట్టుకుని, చట్టం చేతనే దాని గుట్టు చెప్పించాడు. పక్షపాతం దాచుకోలేదు. అయితే దాన్ని వాక్యం వాక్యంలో సంపాదించుకున్నాడు. నిబద్ధత రచయితకు దిక్కు చూపిస్తుంది. నడవవలసింది మాత్రం రచయిత కాళ్లతోనే.

చివరగా బడి సంగతి. మన తెలుగు వాచకాల్లో పాఠం చివర సృజనాత్మకత అనే శీర్షిక కింద ప్రశ్నలుంటాయి. ఊహించి రాయమంటారు, సంభాషణగా మార్చమంటారు, గేయం రాయమంటారు. ఉద్దేశం మంచిదే. కాని ఆ ప్రశ్నలకు తయారు జవాబులు గైడుల్లో దొరుకుతాయి. పిల్లలు ఊహను కంఠస్థం చేస్తారు, మనం దానికి మార్కులు వేస్తాం. తన ఇంటి సంగతి, తన తల్లి పని, తన వీధి మాట రాసిన పిల్లవాడికి విషయాంతరం అని ఎర్ర సిరాతో గీత గీస్తాం. ఆ గీతలు పదేళ్లు తిన్న పిల్ల డిగ్రీలో చేరేసరికి గీత గీయడానికి ఉపాధ్యాయుడి అవసరం లేకుండా తానే మన్నించమని రాసుకుంటుంది. ఒక వర్గం పిల్లలకు తమ జీవితం సాహిత్యానికి తగదని నేర్పడం కంటే పెద్ద సెన్సారు ఏ ప్రభుత్వమూ పెట్టలేదు.

అందువల్ల రచయితలకూ ఉపాధ్యాయులకూ పని ఒక్కటే. పిల్లలు విషయాంతరమని దాటిపోయే చోట వాళ్లను ఆపాలి. అక్కడ కూర్చోబెట్టాలి. పోతన పద్యం సాగక ఆగినట్టు, గురజాడ పన్నెండేళ్లు ఆగినట్టు, ఆ ఒక్క పేరా దగ్గర ఆగి, దాన్ని విప్పి మళ్లీ చుట్టడం నేర్పాలి. ఛందస్సు నేర్పాలి, కాళిదాసునూ జాషువానూ కోలరిడ్జ్‌నూ చదివించాలి. వాటితో పాటు తమ ఇంటి చాటను చదవడం నేర్పాలి. ఆ అమ్మాయి వ్యాసంలో నేను దిద్దింది ఒకే వాక్యం, మన్నించమన్న వాక్యం. దాన్ని కొట్టివేసి, ఇక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టు అని పక్కన రాశాను. మిగిలిన పది పేజీలు ఏం చేయాలో ఆమె నిర్ణయించుకుంటుంది. ఆ నిర్ణయం చేయగలగడమే సృజనకు తొలి లక్షణం.